మెట్టిన దేశపు కోటలు

పుట్టిన దేశపు కోటల గురించి ఎవరైనా రాస్తారు. మెట్టిన దేశపు కోటల గురించి రాయాలంటేనే చిక్కు. అత్తవారింటి సంగతులు పుట్టింటివాళ్ళకి చెప్పినట్టుంటుంది ఆ వ్యవహారం. కాస్త గొప్పగా చెబితే "అబ్బో, అప్పుడే అటు చేరిపోయింది" అంటారు. లోపాలు చెబితే, అక్కడి ఉప్పు తింటూ ఆడిపోసుకుంటున్నట్టుంటుంది. అందుకని చూసినవి చూసినట్టు, తెలుసుకున్నవి తెలుసుకున్నట్టు చెప్పేస్తాను. బాగోగులు మీరే తేల్చుకోండి.

నేను మెట్టిన దేశం వేల్సు. "ఇంగ్లండులో ఏ వూరు?" అని అడుగుతారు మనవాళ్ళు వుత్తరాల్లోనూ, ఫోన్లలోనూ. ఇంగ్లండు కాదండీ, వేల్సు అంటే, "ఏదో ఒకటిలే" అంటారు. ఒకప్పుడు ఉత్తరాదివాళ్ళు మనందర్నీ కలిపి "మద్రాసీలు" అంటే ఎంత మండేదో గుర్తుందా? ఇక్కడివాళ్ళని ఇంగ్లీషువాళ్ళంటే వాళ్ళకీ అంతే మండుతుంది. వాళ్ళకి వేరే భాష వుంది, వేరే జెండా వుంది, ఆ జెండా మీద ఎర్రటి డ్రాగన్ వుంది. పూర్వం బొగ్గుగనుల లోయల్లో మనదేశపు డాక్టర్లు చాలామంది పనిచేశారు, అందులో మన తెలుగువాళ్ళూ వున్నారు. ఆ వంకనే మాలాంటివాళ్ళం ఈ దేశం కోడళ్ళమయ్యాం.

దేశం ఎంతుంటుందంటే, జిల్లాలు విడిపోకముందు మన అనంతపురం జిల్లా ఎంతుండేదో దానికన్నా కాస్త పెద్దది. అంతే. జనం ముప్ఫై లక్షల పైచిలుకు. అంత చిన్న దేశంలో కోటలు మాత్రం ఆరువందలకు పైగా వున్నాయని లెక్క. అన్నీ నిలబడి లేవు. కొన్ని మట్టిదిబ్బలు, కొన్ని గోడముక్కలు, ఒక వందదాకా మాత్రం చూడదగ్గట్టున్నాయి. ఆదివారం పూట కారెక్కి ఏ దిక్కుకు వెళ్ళినా ఒక కోట ఎదురవుతుంది. మన వూళ్ళల్లో రామాలయాల్లాగా అన్నమాట.

ఇన్ని కోటలు చూసి నేను మొదట్లో, ఈ దేశంలో ఎంతమంది గొప్ప రాజులుండేవాళ్ళో అనుకునేదాన్ని. చరిత్ర పుస్తకం తిరగేస్తేగాని అసలు సంగతి బోధపడలేదు. పెద్దపెద్ద కోటల్లో ఎక్కువ భాగం వేల్సువాళ్ళు కట్టుకున్నవి కావు. వేల్సువాళ్ళని లొంగదీయడానికి బయటివాళ్ళు వచ్చి కట్టినవి. లొంగని జనం వున్నచోటనే కదా అన్ని కోటలు కావలసివచ్చేది! ఆ లెక్కన ఆరువందల కోటలంటే ఈ జనం ఎంత మొండివాళ్ళో చూడండి.

ఆ వరసలో మొదటిది చెప్‌స్టో. 1066లో నార్మండీనుంచి విలియం వచ్చి ఇంగ్లండును గెలిచాడని మనం స్కూల్లో చదువుకున్నాం కదా. ఆ మరుసటి ఏడే, అంటే 1067లో, అతని మనిషి విలియం ఫిట్జ్ ఆస్‌బర్న్ వై నది ఒడ్డున నిటారుగా వున్న కొండచరియ మీద ఈ కోట మొదలుపెట్టాడు. నాకు ఈ కోటలో అన్నిటికన్నా నచ్చినవి తలుపులు. ఓక్ కొయ్యతో చేసి, బయటివైపు ఇనుపరేకులు తాపిన జోడు తలుపులు. 1962దాకా కోట గుమ్మానికే వుండేవి, ఎండకీ వానకీ. తర్వాత లోపల పెట్టారు. కొయ్యలో వలయాలు లెక్కపెట్టి శాస్త్రజ్ఞులు తేల్చింది, ఇవి 1190 కన్నా ముందువని. యూరప్‌లో ఇంత పాత కోటతలుపులు ఇంకెక్కడా లేవట. మన రుద్రమదేవి పుట్టకముందునుంచి వున్న తలుపులు! మా ఇంటి వీధితలుపు పదేళ్ళకే వుబ్బిపోయి మూతపడక, ఇద్దరు మనుషులు పట్టి తోస్తేగాని గొళ్ళెం పడదు. ఆ వడ్రంగి ఎవరోగాని, చేతికి దండం పెట్టాలనిపించింది.

ఇక అసలు కథ ఉత్తరవేల్సుది. పదమూడో శతాబ్దంలో అక్కడ గ్వినెడ్ అనే రాజ్యం వుండేది. దాని ఆఖరు ప్రభువు లెవెలిన్. (వేల్సు భాషలో ఆ మొదటి అక్షరం పలకాలంటే నాలుకను ల అనడానికి పెట్టి, గాలి మాత్రం పక్కలనుంచి వదలాలి. యాభైయారు అక్షరాలున్న మన భాషలో కూడా దానికి అక్షరం లేదు. అంచేత లెవెలిన్ అనే సరిపెడుతున్నాను.) ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1277లో ఒకసారి, 1282లో ఇంకోసారి అతని మీద దండెత్తాడు. రెండోసారి యుద్ధంలో, 1282 డిసెంబరు 11న, బిల్త్ అనే వూరి దగ్గర లెవెలిన్ చనిపోయాడు. అంతటితో ఆ రాజ్యం అయిపోయింది. ఎడ్వర్డు ఊరుకోలేదు. మళ్ళీ తల ఎత్తకుండా వుండాలని సముద్రతీరం వెంట ఉక్కు కడియంలాగా కోటలు తొడిగాడు. కాన్వీ, కేర్నార్వన్, హార్లెక్, ఆ తర్వాత బ్యూమారిస్. ఈ నాలుగింటినీ 1986లో యునెస్కోవాళ్ళు ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చారు. ఇంగ్లండు కోటలంటే ఇవే అని పోస్టుకార్డుల మీద, కాలెండర్ల మీద మీరు చూసే వుంటారు. అవి ఇంగ్లండులో లేవు, అంతే తేడా.

కాన్వీకి వెళితే ముందు ఊరిగోడ ఎక్కండి. కోట కన్నా అదే బాగుంటుందంటాను నేను. సుమారు ముప్పాతిక మైలు పొడుగు, 21 బురుజులు, మూడు ద్వారాలు, అన్నీ ఇప్పటికీ వున్నాయి. గోడ మీద నడుస్తుంటే ఒకవైపు జనాల పెరళ్ళు, ఆరేసిన బట్టలు, ఇంకోవైపు నదీ పడవలూ కనబడతాయి. కోటకి ఎనిమిది పెద్ద బురుజులు. అప్పట్లో పైనుంచి కిందిదాకా సున్నం కొట్టి తెల్లగా వుంచేవాళ్ళట. కోటా, ఊరిగోడా కలిపి నాలుగైదేళ్ళలో, 1283నుంచి 1287 లోపల, కట్టేశారు. పని చేయించింది సవాయ్ దేశంనుంచి వచ్చిన జేమ్స్ అనే మేస్త్రి. ఖర్చు పదిహేనువేల పౌన్లు. ఆ కాలానికి అది ఎంత సొమ్మో ఊహించుకోవలసిందే. ఇంగ్లండు నలుమూలలనుంచీ తాపీవాళ్ళనీ, తవ్వేవాళ్ళనీ, వడ్రంగులనీ రాజాజ్ఞ మీద పోగేసి, నడిపించి తెచ్చారు.

ఒక చిన్న సంగతి చెప్పాలి, నవ్వకండి. ఊరిగోడకి దక్షిణంవైపు బయటికి పొడుచుకు వచ్చి వరసగా పన్నెండు రాతి గూళ్ళలాంటివి కనిపిస్తాయి. దేవుడి గూళ్ళేమో అనుకుంటాం. కావు. రాజుగారి గుమాస్తాల కోసం కట్టిన మరుగుదొడ్లు! యుద్ధం, శత్రువు, బాణాలు అంటూ ఎన్ని కబుర్లు చెప్పినా, కట్టిన మేస్త్రికి మనిషి అవసరం తెలుసు. ఏ చరిత్ర పుస్తకమూ ఇలాంటివి ముందు చెప్పదు. ఆడవాళ్ళం పిల్లల్ని వెంటబెట్టుకుని ఏ యాత్రాస్థలానికి వెళ్ళినా మొదట వెతికేది అదే కదా!

కాని కాన్వీలో నవ్వు రానిది కూడా ఒకటుంది. కోట కట్టినచోట అంతకుముందు ఒక మఠం వుండేది. గ్వినెడ్ రాజుల్లో పేరుమోసిన పెద్ద లెవెలిన్‌ని, అంటే ఆఖరి లెవెలిన్ తాతగారిని, సమాధి చేసింది అక్కడే. ఎడ్వర్డు ఆ సన్యాసుల్ని మైళ్ళ దూరంలో వున్న మేనన్ అనే చోటికి పంపించి, సరిగ్గా ఆ నేల మీదనే తన కోట, ఊరు కట్టుకున్నాడు. గోడ లోపల ఇళ్ళు ఇంగ్లండునుంచి తెచ్చి దింపిన సంసారాలకి. వేల్సువాళ్ళు బయట. బ్యూమారిస్‌లో ఇంకా అన్యాయం. 1295లో ఆ కోట కోసం లాన్‌వైస్ అనే బతికున్న వూరిని, సంతా రేవూ వున్న వూరిని, ఎత్తించి ద్వీపం అవతలి కొసకి తరిమారు. అక్కడ వాళ్ళు పెట్టుకున్న వూరి పేరు న్యూబరో. కొత్తూరు అన్నమాట. ఇంతా చేసి ఆ కోట పూర్తి కాలేదు. డబ్బులు చాల్లేదు. ఏడువందల ఏళ్ళనుంచి అలాగే మొండిగోడలతో, చుట్టూ నీళ్ళతో, హంసలతో ఎంతో అందంగా వుంటుంది. అందంగా వుందని ఒప్పుకోవడానికే మనసు కాస్త పీకుతుంది.

కేర్నార్వన్ సంగతి వేరు. అది ఠీవి కోసం కట్టిన కోట. బురుజులు గుండ్రంగా కాక కోణాలు కోణాలుగా, గోడల్లో రంగురంగు రాళ్ళ చారలతో వుంటాయి. కాన్‌స్టాంటినోపుల్ నగరం గోడల్ని చూసి అలా కట్టించాడంటారు. రోము చక్రవర్తి ఒకడు కలలో ఒక కోటనీ అందులో ఒక కన్యనీ చూసి, వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి ఆమెను పెళ్ళాడాడని వేల్సువాళ్ళకి పాతకథ ఒకటుంది. ఎడ్వర్డు దేశాన్నే కాదు, ఆ దేశపు కథని కూడా లాక్కుని తన గోడల్లో పెట్టుకున్నాడన్నమాట. రాజద్వారం వెనకవైపుకి వెళ్ళి చూడండి, అదీ పూర్తికాలేదు. ముందువైపు బింకం, వెనకవైపు మొండిరాళ్ళు.

ఆ కోటలో, అప్పటికింకా కట్టుబడి సాగుతూ వుండగానే, 1284 ఏప్రిల్ 25న ఎడ్వర్డు భార్య ఎలినార్‌కి కొడుకు పుట్టాడు. నిండు గర్భిణిని అంతదూరం సున్నమూ దుమ్మూ రేగే చోటికి ఎందుకు తీసుకువచ్చాడో ఆ మహారాజుకే తెలియాలి. దీని మీద కథ ఏమిటంటే, వేల్సు పెద్దలు వచ్చి, మాకు ఈ గడ్డ మీద పుట్టినవాడు, ఇంగ్లీషు ముక్క రానివాడు ప్రభువుగా కావాలని అడిగారట. సరేనని ఎడ్వర్డు లోపలికి వెళ్ళి పసికందుని తెచ్చి, ఇదిగో, ఇక్కడే పుట్టాడు, ఇంగ్లీషు ముక్క రాదు, అన్నాడట. మన తెనాలి రామకృష్ణుడి కథల్లో ఇమిడిపోతుంది కదూ! అయితే ఈ కథ పుస్తకాల్లోకి ఎక్కింది మూడువందల ఏళ్ళ తర్వాత. పైగా ఆ పసివాడు పుట్టేనాటికి పెద్దకొడుకు ఆల్ఫాన్సో బతికేవున్నాడు. ఆ ఆగస్టులో అతను పోయాకే ఈ పిల్లవాడు వారసుడయ్యాడు. "ప్రిన్స్ ఆఫ్ వేల్స్" అనే బిరుదు ఇచ్చింది ఇంకా ఆలస్యంగా, 1301లో. అప్పటినుంచి ఇంగ్లండు యువరాజులకి ఆ బిరుదు ఆనవాయితీ అయింది. ఇప్పటి రాజు చార్లెస్‌కి 1969 జూలై 1న ఇదే కోటలో పట్టాభిషేకంలాంటి వేడుక చేశారు. దానికి ముందు ఆయన ఒక టర్ము ఇక్కడి అబెరిస్ట్విత్ కాలేజీలో చేరి వేల్సు భాష నేర్చుకున్నాడు. ఆ వేడుక ముందురోజు రాత్రి అబెర్గెలీ అనే వూళ్ళో బాంబు పేలి, దాన్ని పెట్టడానికి వెళ్ళిన ఇద్దరు వేల్సు యువకులు పోయారు. ఏడువందల ఏళ్ళయినా మానని పుండు అది.

కేర్నార్వన్‌లో పుట్టిన ఆ మగపిల్లవాడి గురించి బోర్డులున్నాయి, పుస్తకాలున్నాయి. నన్ను వెంటాడింది ఇంకో పసిపిల్ల. అతనికన్నా రెండేళ్ళు పెద్దది. లెవెలిన్ కూతురు. పేరు గ్వెన్‌లియాన్. 1282 జూన్‌లో, సముద్రం ఒడ్డున అబెర్‌గ్విన్‌గ్రెగిన్ అనేచోట పుట్టింది. ఆమె పురిట్లోనే తల్లి ఎలినార్ పోయింది. (రాణుల పేర్లన్నీ ఎలినార్లే, ఏం చెయ్యను! ఈమె వేరు.) ఆర్నెల్లు తిరక్కుండా తండ్రి యుద్ధంలో పోయాడు. ఉయ్యాల్లో వున్న పిల్ల ఆ రాజ్యానికి ఒక్కతే వారసురాలు. ఎడ్వర్డు ఆ పిల్లని చంపించలేదు, పెంచుకోనూ లేదు. దేశం ఆ చివర, ఇంగ్లండు తూర్పుతీరం దగ్గర, లింకన్‌షైర్‌లోని సెంప్రింగామ్ అనే సన్యాసినుల మఠానికి పంపించేశాడు. పెళ్ళయితే పిల్లలు పుడతారు, పిల్లలు పుడితే రాజ్యం అడుగుతారు. అదీ భయం. పసిదానిగా వెళ్ళిన ఆమె 1337 జూన్ 7న, యాభైనాలుగేళ్ళ వయసులో, ఆ మఠంలోనే కన్నుమూసింది. జీవనానికి ఏడాదికి ఇరవై పౌన్ల భత్యం ఇచ్చినట్టు 1327నాటి లెక్కల్లో వుంది.

మాటలు వచ్చే వయసుకి ఆమె చుట్టూ వేల్సు మాట మాట్లాడేవాళ్ళే లేరు. ఆమె పేరును మఠంవాళ్ళు "వెన్సిలియన్" అని రాసుకున్నారు. తన పేరు సరిగ్గా పలికే మనిషి ఒక్కరూ లేకుండా యాభైనాలుగేళ్ళు! ఇక్కడ స్కూళ్ళల్లో మన పిల్లల పేర్లని టీచర్లు ఎన్ని వంకర్లు తిప్పుతారో తెలిసినదాన్ని కాబట్టి, ఆ ఒక్క మాట దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను.

ఇటు ఆ మగపిల్లవాడు మాత్రం ఏం సుఖపడ్డాడు? రెండో ఎడ్వర్డుగా గద్దె ఎక్కాడు, కట్టుకున్న భార్యే తిరగబడింది. 1326లో పారిపోయి దక్షిణ వేల్సులో కేర్‌ఫిలీ కోటలో తలదాచుకున్నాడు. అక్కడ మూటలకొద్దీ సొమ్ము వదిలేసి మళ్ళీ పరుగెత్తాడు. నవంబరులో పట్టుబడ్డాడు. మరుసటి ఏడు రాజ్యమూ పోయింది, ప్రాణమూ పోయింది. కేర్‌ఫిలీ మాకు దగ్గరలోనే. వేల్సులోకెల్లా పెద్ద కోట అది, చుట్టూ చెరువులే రక్ష. పక్కకి ఒరిగిపోయిన బురుజొకటి వుంది. పీసా గోపురం కన్నా ఎక్కువ ఒరిగిందని ఇక్కడివాళ్ళు మీసం మెలేస్తారు. పిల్లలకి మాత్రం ఇదే నచ్చుతుంది, బాతులకి రొట్టెముక్కలు వెయ్యొచ్చని.

హార్లెక్ కోట చూడాలంటే సాయంత్రం వెళ్ళండి. రాతిగుట్ట మీద ఒంటరిగా నిలబడి వుంటుంది. వెనకాల స్నోడోనియా కొండలు, ముందు సముద్రం. కట్టిన రోజుల్లో సముద్రం గుట్ట పాదాలదాకా వచ్చేదట. ముట్టడి వేసినా పడవల మీద తిండిగింజలు తెచ్చుకుని, మెట్లదారిన పైకి చేరేసేవాళ్ళు. ఇప్పుడు సముద్రం దూరంగా జరిగిపోయింది.

ఎడ్వర్డు కట్టిన ఈ కోటని 1404లో వేల్సువాళ్ళే గెలుచుకున్నారు. గెలిచినవాడు ఓవెన్ గ్లిన్‌డూర్. ఇక్కడ కాపురం పెట్టి, 1405లో ఇక్కడే పార్లమెంటు జరిపాడు. ఐదేళ్ళపాటు ఇది వేల్సువాళ్ళ రాజధానిలాంటిది. 1409లో ఇంగ్లీషు సేనలు ముట్టడించి తిరిగి పట్టుకున్నాయి. ఓవెన్ లోపల లేడు. లోపల వున్నది అతని భార్య మార్గరెట్, కూతురు కాట్రిన్, ఆమె పిల్లలు. కాట్రిన్ భర్త ఎడ్మండ్ మార్టిమర్ ముట్టడిలోనే చనిపోయాడు. ఓవెన్ మాత్రం ఎవరికీ చిక్కలేదు. అతన్ని పట్టిచ్చినవాడు ఒక్కడూ లేడని వేల్సువాళ్ళు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. పాటలన్నీ అతని మీదే. ఆడవాళ్ళనీ పిల్లల్నీ లండన్ టవర్‌కి తీసుకుపోయారు. వాళ్ళ గురించి చివరికి మిగిలింది ఖజానా లెక్కల్లో ఒక పద్దు: 1413లో, మార్టిమర్ భార్యనీ ఆమె కూతుళ్ళనీ సెయింట్ స్విదిన్ చర్చిలో పూడ్చినందుకు అయిన ఖర్చు, ఒక పౌను. ఎలా పోయారో ఎవరూ రాయలేదు.

అందుకనే లండన్ టవర్‌కి వెళ్ళినప్పుడు నాకు రెండు పనులుంటాయి. ఒకటి అందరూ చేసేదే. నగలగదిలో, కదిలే పట్టీ మీద నిలబడి, కిరీటాల ముందునుంచి జరిగిపోతూ కోహినూర్‌ని చూడడం. ఆగి చూద్దామంటే కాళ్ళకింద పట్టీ ఆగదు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే రాయి అది. ఆ గని చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళకింద వుంది. చాలామంది తెలుగువాళ్ళం "మన వజ్రం" అని ముక్కు చీదుతాంగాని, ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చిన తీరు తలుచుకుంటే, ముందు గుర్తు రావలసింది లాహోరు. 1849లో దాన్ని అప్పగిస్తూ సంతకం పెట్టింది పదేళ్ళ పిల్లవాడు, దులీప్ సింగ్. అప్పటికే తల్లి జిందాన్ రాణిని అతనికి దూరం చేశారు. తల్లీకొడుకులు మళ్ళీ కలుసుకున్నది 1861లో. రెండేళ్ళకి ఆమె లండన్‌లోనే పోయింది. 2023లో పట్టాభిషేకం జరిగినప్పుడు రాణి కెమిల్లా కిరీటంలో కోహినూర్ పెట్టుకోలేదు. ఏదో మొహమాటం వుంది అన్నమాట.

రెండో పని, టవర్‌నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే వున్న ఆ సెయింట్ స్విదిన్ చోటు చూడడం. చర్చి రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకి పోయింది. కేనన్ స్ట్రీట్ రైలుస్టేషన్ ఎదుట చిన్న తోటగా మిగిలింది. 2001లో అక్కడ కాట్రిన్ పేర ఒక రాతి శిల్పం నిలబెట్టారు, ఆమెకీ, యుద్ధాల్లో బాధపడిన ఆడవాళ్ళకీ పిల్లలకీ గుర్తుగా. ఆఫీసుల వాళ్ళు ఆ పక్కన కూర్చుని మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తింటూ వుంటారు. టిక్కెట్టు లేదు, క్యూ లేదు. లండన్‌కి ఎవరు వచ్చినా తీసుకువెడతాను. "ఇదేమిటి, ఇక్కడేముంది?" అంటారు. చెబితే వింటారు.

నన్ను అడిగితే, తెలుగువాళ్ళు వేల్సులో తప్పకుండా చూడవలసింది పోయిస్ కోట. వెల్ష్‌పూల్ పక్కన, ఎర్రరాతి కోట, అరుగులు అరుగులుగా దిగే తోట, నెమళ్ళు. కిందటి శతాబ్దాల్లో చెక్కినట్టు కత్తిరించిన పెద్దపెద్ద పచ్చని చెట్లు. తోటలో తిరిగినంతసేపు హాయిగా వుంటుంది. లోపల ఒక గదిలోకి అడుగుపెట్టగానే గతుక్కుమంటాం. అంతా మన సామానే! కత్తులు, హుక్కాలు, దేవతావిగ్రహాలు, సిరాజుద్దౌలా ప్లాసీ దగ్గర వదిలిపోయాడని చెప్పే పల్లకి, టిప్పుసుల్తాన్ సింహాసనం మీది బంగారు పులితల. ఆసియానుంచి చేరిన వస్తువులు వెయ్యికి పైగానే వున్నాయట. ప్లాసీ యుద్ధం గెలిచిన క్లైవు కొడుకు ఎడ్వర్డు క్లైవు 1784లో ఈ ఇంటి ఆడపడుచు హెన్రియెట్టాని పెళ్ళాడాడు. వీళ్ళకి పేరూ కోటా వున్నాయి, డబ్బు లేదు. వాళ్ళకి డబ్బుంది, పేరు కావాలి. ఇలాంటి సంబంధాలు మనకి తెలియనివా!

ఆ అల్లుడుగారు 1798నుంచి 1803దాకా మద్రాసు గవర్నరు. 1799 మేలో శ్రీరంగపట్నం పడి టిప్పు చనిపోయాడు. మరుసటి ఏడు, 1800లో, హెన్రియెట్టా ఇద్దరు కూతుళ్ళనీ, వాళ్ళకి చదువూ బొమ్మలూ నేర్పే ఇటలీ చిత్రకారిణి అన్నా టొనెల్లీనీ వెంటబెట్టుకుని, వందలమంది పరివారంతో, ఏనుగులతో, మద్రాసునుంచి బెంగుళూరు, మైసూరు, కోయంబత్తూరు, తిరుచినాపల్లి, తంజావూరు చుట్టివచ్చింది. భర్త వెంట కాదు, తనంతట తానుగా. ఫారసీ నేర్చుకుంది. రాళ్ళు, మొక్కలు పోగుచేసింది. పన్నెండేళ్ళ చిన్నకూతురు షార్లెట్ దారిపొడుగునా డైరీ రాసింది. ఆ పిల్లే పెద్దయ్యాక విక్టోరియారాణికి చిన్నతనంలో సంరక్షకురాలిగా పనిచేసింది. ఆ తల్లీకూతుళ్ళ రాతలు ఈనాటికీ వున్నాయి. చదివితే, నిజం చెప్పాలి, హెన్రియెట్టా మీద నాకు కోపం రాలేదు. మూటగట్టి తెచ్చిన సామాను మీద వచ్చింది.

ఆ సామానులో టిప్పుసుల్తాన్ డేరా ఒకటుంది. తెల్లటి నూలుగుడ్డ మీద కలశాల్లో పువ్వులు, కొమ్మలు, ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో. మన అమ్మమ్మలు చీటీగుడ్డ అనేవాళ్ళే, ఆ జాతిది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగంలో చేసినదంటారు, అంటే టిప్పుకన్నా పాతది. రంగు ఏమీ పోలేదు. ఈ డేరాని క్లైవులు తోటలో పార్టీలకి షామియానాగా వేసుకునేవాళ్ళట! ఒక రాజు యుద్ధానికి వేసుకున్న డేరాలో టీలు, కేకులు. దాని ముందు నిలబడి మా అమ్మాయి అడిగింది, "అమ్మా, మనం ఎవరివైపు?" అని. ఇక్కడే పుట్టి, ఇక్కడి స్కూల్లో వేల్సు భాష చదువుకున్న పిల్ల. కాన్వీలో ఎడ్వర్డు మీద, స్నేహితులతో కలిసి, నాకన్నా ఎక్కువ కోపగించుకున్న పిల్ల. పోయిస్‌లో దొరగారి ఇల్లూ వేల్సువాళ్ళదే, దోచిన సొమ్ము మనది. ఒకడి చేత దెబ్బతిన్నవాడు ఇంకొకడి మీద ఎక్కడని ఎలా చెప్పను? "డేరా కుట్టినవాళ్ళవైపు" అన్నాను. దానికి చాల్లేదు ఆ జవాబు. ఇంకా అడుగుతూనే వుంది.

అన్నట్టు ఇంకో సంగతి. హెన్రియెట్టా యాత్ర ముగించుకుని మద్రాసు చేరిన ఆ అక్టోబరులోనే, 1800 అక్టోబరు 12న, హైదరాబాదు నిజాం కంపెనీవాళ్ళతో ఒడంబడిక చేసుకుని కడప, బళ్ళారి, అనంతపురం సీమల్ని వాళ్ళకి రాసిచ్చేశాడు. దత్తమండలాలని మనం చదువుకున్నవి అవే. ఆనాటి మద్రాసు గవర్నరు ఈ పోయిస్ కోట అల్లుడే. వేల్సు ఎంతుంటుందని మొదట అనంతపురంతో పోల్చానే, ఆ అనంతపురం ఒకప్పుడు ఈ ఇంటి పెద్దమనిషి ఏలుబడిలోకి వచ్చిందన్నమాట. గోడ మీద అతని బొమ్మ వుంది. అనంతపురం మాట మాత్రం ఎక్కడా లేదు.

కోటల మాట వచ్చింది కాబట్టి కిడ్వెలీ చెప్పకపోతే నాకు తోచదు. అక్కడా ఒక గ్వెన్‌లియానే, కాని 1136నాటి మనిషి. భర్త సాయం కోసం ఉత్తరానికి వెళ్ళిన సమయంలో నార్మన్ల దండు వస్తోందని తెలిసి, తానే సేనను నడిపించి కిడ్వెలీ కోట దగ్గర పోరాడి చచ్చిపోయింది. ఇద్దరు కొడుకులు వెంట వున్నారు, ఒకడు పోయాడు, ఒకడు పట్టుబడ్డాడు. కోట బయట ఆ పొలాన్ని ఇప్పటికీ గ్వెన్‌లియాన్ పొలమనే అంటారు. ఇంటి దగ్గర నాలుగేళ్ళ కడగొట్టు పిల్లవాడు మిగిలాడు. వాడే పెరిగి పెద్దవాడై రీస్ ప్రభువుగా, కార్డిగన్‌లో రాతికోట కట్టించి, 1176లో అక్కడ కవులకీ గాయకులకీ పోటీలు పెట్టాడు, గెలిచినవాళ్ళకి ఆసనాలు బహుమతి ఇచ్చాడు. ఇప్పటికీ ఏటేటా వేల్సు అంతా తిరునాళ్ళలా చేసుకునే ఐస్టెడ్‌వోడ్ ఉత్సవానికి అదే మొదలంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో స్కూల్లో వేల్సు మాట్లాడిన పిల్లల మెళ్ళో కొయ్యముక్క కట్టి అవమానించేవాళ్ళు. ఇప్పుడు పదహారేళ్ళదాకా పిల్లలందరికీ ఆ భాష తప్పనిసరి. మా ఇంట్లో పిల్లలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతారు, వీధిబోర్డు మాత్రం వేల్సులో చదువుతారు. చూసి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియదు.

వచ్చేవాళ్ళకి రెండు మాటలు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మల్నీ అత్తగార్లనీ హార్లెక్, కాన్వీ బురుజులు ఎక్కించకండి. మెలికల మెట్లు, అరిగిపోయి జారుతుంటాయి. వాళ్ళకి కార్డిఫ్ కోట సరైనది. రోమనుల గోడ, నార్మన్ల దిబ్బ, పంతొమ్మిదో శతాబ్దంలో బొగ్గురేవుల సొమ్ముతో బ్యూట్ జమీందారు విలియం బర్జెస్ చేత చేయించిన బంగారుపూతల గదులు, అన్నీ ఒక్కచోటే. ఆ గదులు చూస్తే మన పెళ్ళిమండపాలు చిన్నబోతాయి. చీర కట్టుకుని వచ్చినా ఫరవాలేదుగాని, పైన మంచి కోటు వుండాలి. జూలైలో కూడా.

ఇక చివరిది కోట కాదు, కొండ. సెంప్రింగామ్‌లో చనిపోయిన పిల్ల గ్వెన్‌లియాన్ పుట్టిన ఊరిమీదుగా లేచే కొండల్లో ఒక శిఖరం వుంది, 926 మీటర్లు. పక్కనున్న రెండు పెద్ద శిఖరాలకి ఎప్పటినుంచో ఆమె తండ్రి లెవెలిన్ పేరూ, చిన్నాన్న డేవిడ్ పేరూ అని జనం చెప్పుకుంటారు. 2009లో ఈ శిఖరానికి పాతపేరు తీసి గ్వెన్‌లియాన్ పేరు పెట్టారు. సర్వే పటాల్లో కూడా అలాగే అచ్చువేస్తున్నారు. మా అమ్మాయి కిందటి వేసవిలో స్నేహితులతో ఎక్కి వచ్చింది. పైన ఏముందే అని అడిగాను. రాళ్ళగుట్ట, ఒకటే గాలి అంది. సముద్రం కనిపిస్తుందట, ఆ అబెర్ ఊరు కూడా.